ముగ్గురికి బాధ్యత అప్పగించాను, ముగ్గురూ దూరమవుతున్నారు

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక సంఘ పెద్ద రాసిన ఉత్తరం ఇది. ఆయనకు 66 ఏళ్లు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఒకప్పుడు ఎవరి ఇంటి వసారాలోనో పదిమందితో మొదలైన ప్రార్థన కూటం ఇప్పుడు నూట ఇరవై కుటుంబాల స్వతంత్ర సంఘమైంది. మొదటి నుంచీ ఆయన అందులో ఉన్నారు, చాలాకాలంగా కార్యదర్శి. మైకు సెట్టు మొదలుకొని బ్యాంకు పాసు పుస్తకం దాకా, క్రిస్మస్ షామియానా మొదలుకొని సమాధుల తోటలో చోటు మాట్లాడటం దాకా అన్నీ ఆయన చేతుల మీదుగానే జరుగుతాయి. అందరూ అయ్యగారు అని పిలిచే పాస్టరుగారికి డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులతో ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయడం దాదాపు మానేశారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మందిరంలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఆ రోజుల్లో ఎవరూ చెప్పకుండానే ముగ్గురు పిల్లలు ముందుకు రావడం ఆయన చూశారు. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అమ్మాయి పాత క్యాలెండరు కాగితం వెనుక ఏ ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లున్నారో, ఏ మేడ మీద చంటిపిల్లలున్నారో జాబితా రాసి, పడవల వాళ్లకు ఫోనులో ఒక్కో ఇంటి గుర్తూ చెప్పింది. బైకుల మెకానిక్ అబ్బాయి, ఇంజిన్లలోకి బురదనీళ్లు పోయిన సంఘస్థుల బండ్లను రూపాయి తీసుకోకుండా బాగుచేశాడు. బీటెక్ చదివిన మరో అబ్బాయి, నీళ్లు తగ్గాక సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేసి, సర్వం పోగొట్టుకున్నవాళ్లకు ధైర్యం చెప్పాడు.

వరద తీశాక ఆయన ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి "ఇక సంఘం మీది" అన్నారు. మెకానిక్‌కు లెక్కలు, బీటెక్ అబ్బాయికి వాక్యం చెప్పే పని, నర్సుకు ఆదివారపు బడి అప్పగించారు. ఏడాది గడిచింది. క్రిస్మస్ లెక్కల్లో తప్పు దొర్లిందని కమిటీ పెద్దలు అందరి ముందూ నిలదీయడంతో మెకానిక్ పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆదివారం చివరి వరసలో కూర్చుని ఆశీర్వాదానికి ముందే లేచిపోతున్నాడు. బీటెక్ అబ్బాయి బాగా మాట్లాడతాడని పేరు వచ్చాక, "అయ్యగారి ప్రసంగాలు పాతబడిపోయాయి" అంటూ శనివారం రాత్రి ఫోనులో వేరే కూడిక నడుపుతున్నాడు. కొందరు కుర్రవాళ్లు అందులోనే ఉంటున్నారు, ఆదివారం రావడం లేదు. నర్సు మొన్న వేసవి బైబిలు బడి అయిపోగానే "వచ్చే ఏడాది మీరే చూసుకోండి అంకుల్" అనేసింది. తర్వాతి పాస్టరుగా పాస్టరమ్మగారి మనసంతా హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు మీద ఉంది. మిగతా పెద్దలు బయటి నుంచి పేరున్న పాస్టరును పిలుద్దామంటున్నారు. "మీకు ఎవరి పనీ నచ్చదు" అని భార్య అన్న మాట కూడా దాచకుండా రాశారు. చివరికి ఆయన అడుగుతున్నది ఇది: ఈ పిల్లల కోసం ఇంకా ఆగాలా, బయటివాళ్లను తెచ్చుకోవాలా, లేక ఓపిక ఉన్నంతకాలం నేనే చేసుకుపోవాలా?

అన్నయ్యగారూ,

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. లెక్కల సమావేశం గురించి వివరంగా రాసి, చివర్లో "పెద్దవాళ్ల మాటకు అడ్డు చెప్పడం ఇష్టం లేక నేను ఊరుకున్నాను" అన్నారు. మిగతాదంతా పిల్లల గురించి రాశారు. ఆ ఒక్క వాక్యం మీ గురించి. అసలు చిక్కు అక్కడ ఉందనే నాకు అనిపిస్తోంది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు రాసినదాన్ని బట్టి జరిగింది ఇది. షామియానా వాళ్లకు ముందుగా ఇచ్చిన 3,500 రూపాయలను ఆ అబ్బాయి ఒకసారి అడ్వాన్సు కింద రాశాడు, తర్వాత మొత్తం బిల్లు రాసేటప్పుడు అందులోనూ కలిపేశాడు. ఒకే ఖర్చు రెండుసార్లు పడింది. అందువల్ల పెట్టెలో డబ్బు పుస్తకం కన్నా ఎక్కువ తేలింది. తక్కువ కాదు, ఎక్కువ! కాజేసే ఉద్దేశం ఉన్నవాడు మిగులు డబ్బును పెట్టెలోనే ఉంచి పెద్దల ముందుకు తెస్తాడా? ఆ గదిలో ఈ మాట తెలిసినది మీ ఒక్కరికే. అయినా "సంఘం సొమ్ముతో ఆటలా?" అని ఒకరు అన్నప్పుడు ఎవరూ నోరు మెదపలేదు.

తప్పు తప్పే, దేవుని సొమ్ము లెక్క చూసేవాడు జాగ్రత్తగా ఉండవలసిందే. కాని ఆ పుస్తకం ఎలా రాయాలో అతనికి పక్కన కూర్చుని చూపించినవారు ఎవరు? మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. పుస్తకం చేతికిచ్చారు, తాళం చెవి ఇచ్చారు, నమ్మకం ఉందన్నారు. నమ్మకం వేరు, నేర్పడం వేరు. కానుకలను ఇద్దరు కలిసి లెక్కపెట్టడం, ఏ నోట్లు ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయడం, సోమవారమే బ్యాంకులో వేయడం, నెలాఖరులో మూడో మనిషి పుస్తకాన్ని పాసు పుస్తకంతో సరిచూడటం అనే పద్ధతి ఉండి ఉంటే ఈ 3,500 రూపాయల తప్పు జనవరి మొదటి వారంలోనే ఇద్దరి మధ్య తేలి దిద్దుబాటయ్యేది. ఆ పద్ధతి కొత్తవాడిని అనుమానించడానికి కాదు, అతన్ని కాపాడటానికే.

ఆ అబ్బాయి షెడ్డులో పనివాళ్లు ఉన్నారని రాశారు కదా. ఒక సాయంత్రం వెళ్లి కాసేపు చూడండి. చేరిన కుర్రాడికి మొదటిరోజే ఎవరూ ఇంజిన్ అప్పజెప్పరు. చైను కడుగుతాడు, పానాలు అందిస్తాడు, టైరు విప్పుతాడు. తర్వాత ఒకరోజు ఇంజిన్ విప్పమంటారు, అప్పుడు మేస్త్రీ పక్కనే నిలబడి చూస్తాడు, తను చేయి పెట్టడు. కుర్రాడు ఒక నట్టు తప్పుగా బిగిస్తే బండి యజమాని ముందు "నాదే పొరపాటు సార్, మళ్లీ చూసి ఇస్తాను" అనేది మేస్త్రీయే. కుర్రాడికి చెప్పవలసింది యజమాని వెళ్లాక చెబుతాడు. ఈ విద్య మీ మెకానిక్‌కు చేతనైనంతగా మీ కమిటీలో ఎవరికీ చేతకాదు. అతన్ని మీరు తయారు చేయడం సరే, అతని దగ్గర మీరు నేర్చుకోవలసింది కూడా ఉంది.

మార్కు అనే యోహాను సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పౌలు, బర్నబాలతో సువార్త ప్రయాణానికి బయలుదేరి, మధ్యలో పంఫూలియలో పనిని వదిలి వెళ్లిపోయాడు. మళ్లీ వెంట తీసుకువెళ్దామని బర్నబా అంటే పౌలు కుదరదన్నాడు, ఇద్దరు స్నేహితులు విడిపోయేంత వాదం జరిగింది. పౌలు మాటలో న్యాయం లేదని నేను అనను, మధ్యలో వదిలేసినవాడిని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోవడం కష్టమే. కాని బర్నబా అతన్ని వెంటబెట్టుకుని కుప్రకు వెళ్లాడు కాబట్టే, చాలా ఏళ్ల తర్వాత చెరసాలలో ఉన్న పౌలు "మార్కును వెంటబెట్టుకొని రా, అతడు నాకు ప్రయోజనకరమైనవాడు" అని తిమోతికి రాయగలిగాడు. మీ కమిటీలో పౌలు పక్షాన మాట్లాడేవాళ్లు ఉన్నారు. బర్నబా లేడు. ఆ చోటు మీది.

అందుకని ఇప్పుడు మీ ముందున్న దారులు ఇవి. ఆ అబ్బాయి తనంతట తనే వస్తాడని ఎదురుచూడవచ్చు. వచ్చే అవకాశం తక్కువ, రాకపోయినా మీ మీద ఎవరూ మాట వేయరు. లేదా షెడ్డుకు వెళ్లి బతిమాలి మళ్లీ పుస్తకం ఇవ్వవచ్చు. వస్తాడు, కాని కమిటీలో అతని మీద పడిన మచ్చ అలాగే ఉంటుంది, ఇంకో చిన్న తేడా రాగానే మళ్లీ అదే కథ. మూడోది కష్టమైనది. అదే కమిటీలో, అదే మనుషుల ముందు, "ఆ రోజు పెట్టెలో డబ్బు ఎక్కువ తేలింది, పుస్తకం రాయడం నేను సరిగ్గా చూపించలేదు, ఊరుకోవడం నా తప్పు" అని మీరు చెప్పడం. తర్వాత అతని దగ్గరకు వెళ్లడం. ఇలా చేస్తే ఒకరిద్దరు పెద్దలకు మీమీద కోపం వస్తుంది, దానికి సిద్ధపడే చేయండి. ఒకవేళ అతను "లెక్కలు నాకొద్దు" అంటే ఒత్తిడి చేయకండి. అతనికి నిజంగా సరిపడే పని అది కాకపోవచ్చు కూడా. డబ్బు లెక్కలు అతనికి అప్పగించారు గాని, వరదలో అతను చూపించిన గుణం వేరే: కష్టంలో ఉన్న ఇంటికి చెప్పకుండా వెళ్లి చేతనైనది చేయడం. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో విధవరాండ్రకు భోజనం పంచడానికి ఏడుగురిని ఏర్పరచుకున్నది అలాంటి పనికే, ఆ ఏడుగురిలోని ఫిలిప్పే తర్వాత సమరయలో సువార్త చెప్పాడు.

ఇక నర్సు అమ్మాయి. మీ ఉత్తరంలో ఆమెకు ఇచ్చిన చోటు అన్నిటికన్నా తక్కువ, జరిగిన నష్టం మాత్రం అన్నిటికన్నా పెద్దదని నాకు అనిపిస్తోంది. వేసవి బైబిలు బడిని పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా పెడదామని ఆమె అంది. మే నెలలో విజయవాడ ఎండ సంగతి మీకు తెలుసు, పది దాటితే పిల్లలు వీధిలో నడవలేరు. టీచర్లతో మాట్లాడుకుంది, తల్లిదండ్రులకు చెప్పుకుంది, తన డ్యూటీని రాత్రి షిఫ్టులోకి మార్చుకుంది. మీరు శనివారం సాయంత్రం "మనకు ఎప్పుడూ పది గంటలకే కదమ్మా" అని మార్చేశారు. ఆమె ఎదురు చెప్పలేదు. రాత్రంతా ఆసుపత్రిలో మేలుకుని, పది నుంచి ఒంటిగంట దాకా నిలబడి, పదిరోజులూ నడిపించింది. అంతా అయ్యాక "వచ్చే ఏడాది మీరే చూసుకోండి అంకుల్" అంది. మీరు దీన్ని "ఈ కాలం పిల్లలకు పట్టుదల లేదు" అన్న చోట రాశారు. అన్నయ్యగారూ, పట్టుదల లేని మనిషి అలా పదిరోజులు నిలబడదు.

ఆమెకు మీరు పని ఇచ్చారు, నిర్ణయం మీ దగ్గరే ఉంచుకున్నారు. పిల్లలకు బిస్కెట్లు పంచడం, హాజరు వేయడం, పాటలు నేర్పించడం, వీటికి ఎంతమందైనా దొరుకుతారు. నాయకత్వం నేర్చుకునేది ఏడు గంటలా, పది గంటలా అని తేల్చుకునే చోట. తేల్చుకున్నది తప్పైతే ఆ మాట పడే చోట. వదినగారు "మీకు ఎవరి పనీ నచ్చదు" అన్నది బహుశా దీన్ని చూసే. మీకు పిల్లల మీద ప్రేమ లేక కాదు. ఇన్నేళ్లుగా ఏ పని ఎలా జరిగితే బాగుంటుందో మీ చేతికి తెలుసు, వేరేలా జరుగుతుంటే ఆ చేయి ఊరుకోదు. కొత్తవాళ్లు చేసినప్పుడు మీరు చేసినంత బాగా జరగదు. కొంతకాలం నిజంగానే తగ్గుతుంది. మైకు ఆలస్యంగా వస్తుంది, పాటల కాగితాలు చాలవు, ఎవరికో భోజనం అందదు. ఆ తగ్గుదలను భరించడానికి సంఘాన్ని ఒప్పించే పని మీది, అది మీరు తప్ప ఇంకొకరు చేయలేరు.

దీనికి నేను చెప్పగలిగేది ఒక చిన్న సంగతి. ఆమెకు అప్పగించిన విషయం గురించి ఎవరైనా మీ దగ్గరకు వచ్చినప్పుడు, మీకు జవాబు తెలిసినా చెప్పకండి. "ఆమెను అడగండి" అనండి. మొదట్లో జనం విసుక్కుంటారు, "మీకు తెలుసు కదా, చెప్పేయొచ్చుగా" అంటారు. అయినా ఆమెనే అడగమనండి. మీ అభిప్రాయం వేరేగా ఉంటే ఆమెకు ముందే, విడిగా చెప్పండి. ఆమె విని కూడా తన మాటే ఖాయం చేసుకుంటే, అందరి ముందు ఆ మాట మీ మాటగా నిలబెట్టండి. ఏ విషయాల్లో ఆమె మీకు చెప్పకుండా నిర్ణయించవచ్చో, ఏ విషయాల్లో కమిటీని అడగాలో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఇంత ఖర్చు దాకా ఆమె ఇష్టం, అది దాటితే కమిటీ, అన్నట్టు.

"ఆడపిల్ల, రేపు పెళ్లయి వెళ్లిపోతుంది" అని ఒక పెద్ద అన్నారని రాశారు. బీటెక్ అబ్బాయి రేపు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోడా? అతని గురించి ఆ మాట ఎవరూ అనలేదే! వెళ్లిపోతే వెళ్లనివ్వండి, ఆమె చేరిన సంఘం బాగుపడుతుంది. స్త్రీలు బల్ల దగ్గర నిలబడి వాక్యం చెప్పవచ్చా అన్నది మీ సంఘంలో అయ్యగారు, పెద్దలు వాక్యం తెరిచి తేల్చుకోవలసిన విషయం, అందులో నేను తలదూర్చను. కాని ప్రసంగం ఒక్కటే నాయకత్వం కాదు. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను పౌలు రోమీయులకు ఎంత గౌరవంగా పరిచయం చేశాడో చూడండి. మన గుంటూరుకు 1883లో వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రిని నిలబెట్టింది ప్రసంగ వేదిక మీద కాదు. వరదలో ఆ క్యాలెండరు కాగితం పట్టుకుని మీ సంఘాన్ని నడిపింది ఎవరో మీరే రాశారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, నీళ్లు తీశాక ఆ సంగతి మరిచిపోకూడదు.

బీటెక్ అబ్బాయి విషయం వీళ్లిద్దరిలా కాదు. అతనికి మీరు తక్కువ ఇవ్వలేదు, ఎక్కువ ఇచ్చారు. బాప్తిస్మం తీసుకుని రెండేళ్లు నిండలేదు, నెలకు రెండు ఆదివారాలు ప్రసంగం. కొత్తగా చేరినవాడిని అధ్యక్షుడిగా పెట్టవద్దని తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం స్పష్టంగానే చెబుతుంది, కారణం కూడా చెబుతుంది: గర్వాంధుడు కాకుండా ఉండటానికి. పరిచారకుల గురించి కూడా ముందు పరీక్షింపబడాలనే ఉంది. అతనిలో ఉన్న వరం నిజమైనదే. వరం పెరిగినంత వేగంగా మనిషి పెరగడు, మధ్యలోని ఆ ఖాళీలోకే పొగడ్తలు వచ్చి చేరతాయి. ఆ పొగడ్తలు మొదలుపెట్టింది మీ సంఘమే కాబట్టి నేరమంతా కుర్రవాడి నెత్తిన వేయడం న్యాయం కాదు.

అతన్ని ఒక్కసారిగా ఆపేస్తే, అతను వెళ్లిపోతాడు, శనివారం కూడికలోని కుర్రవాళ్లూ వెంట వెళతారు. వీధి చివర ఇంకో మేడ మీద ఇంకో సంఘం మొదలవుతుంది. మన ఊళ్లలో చాలా సంఘాలు పుట్టింది ఇలాగే, మనసులు విరిగి. చూసీచూడనట్టు వదిలేస్తే, ఏడాదిలో మీ మందిరంలో రెండు సంఘాలు ఉంటాయి, ఒకటి ఆదివారానిది, ఒకటి శనివారానిది. ఈ రెండూ కాకుండా బైబిల్లోని అకుల, ప్రిస్కిల్ల దంపతులు చేసిన పని ఒకటి ఉంది. అపొల్లో గొప్ప వక్త, అతనికి తెలియనిది కొంత ఉంది. వాళ్లు సమాజ మందిరంలో లేచి అతన్ని సరిదిద్దలేదు. తమ దగ్గర చేర్చుకుని దేవుని మార్గం మరింత పూర్తిగా వివరించారు. మీ ఇంట్లో భోజనానికి పిలవండి, అయ్యగారు కూడా ఉండాలి. శనివారం కూడిక గురించి నిలదీయడానికి కాదు, "అయ్యగారి ప్రసంగాల్లో నీకు లోటుగా అనిపించింది ఏమిటో చెప్పు" అని అడగడానికి. అతను చెప్పేదాంట్లో నిజం ఉండవచ్చు, ఉంటే అయ్యగారు ఒప్పుకోవాలి. ఒప్పుకున్న పెద్దవాడి మాట ఆ తర్వాత కుర్రవాడి చెవికెక్కుతుంది.

ఆ తర్వాత శనివారం కూడికను సంఘం కూడికగా చేసుకోమనండి, ఇంకో పెద్ద అందులో కూర్చోవాలి, అతనితో కలిసి వాక్యం సిద్ధం చేయాలి. ప్రసంగాలు నెలకు ఒకటికి తగ్గించి, ఆ మిగిలిన ఆదివారం మధ్యాహ్నం అయ్యగారి తరఫున ఆసుపత్రికి, మంచాన పడినవాళ్ల ఇళ్లకు పంపండి. అతను వరదలో చేసింది అదే కదా, అప్పుడు మైకు లేదు. ఒప్పుకోకపోతే? అప్పుడు వెళ్లనివ్వక తప్పదు, కాని తలుపు మూసి పంపకండి.

గుడ్ ఫ్రైడే మీకు మంచి అవకాశం. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు మాట్లాడతారు, ఒక్కొక్కరికి పావుగంట, ఇరవై నిమిషాలు. మన సంఘాలు ఏటా ఆ ఏడుగురినీ బయటి నుంచి పిలిచి శాలువాలు కప్పడం అలవాటు చేసుకున్నాయి. ఈసారి నాలుగు మాటలైనా మీ సంఘస్థులకే ఇవ్వండి. రెండు నెలల ముందే ఎవరిది ఏ మాటో చెప్పి, అయ్యగారి ముందు ఒకసారి చెప్పించండి. ఆయన మోకాళ్లు నడవనివ్వకపోయినా కుర్చీలో కూర్చుని వినగలరు, దిద్దగలరు. ఇంతకాలం ప్రసంగాలు చేసిన మనిషికి ఇప్పుడు అంతకన్నా మంచి పని ఏముంటుంది?

బయటి పాస్టరు సంగతి క్లుప్తంగా చెబుతాను. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టే ఉంటుంది మొదట్లో. బాప్తిస్మాలు, ప్రభువు బల్ల, పెళ్లిళ్లు జరిపించడానికి అభిషేకం పొందిన సేవకుడు మీకు ఎలాగూ కావాలి, కాబట్టి పిలవడం తప్పు కాదు. కాని చుట్టూ నిలబడే స్థానిక నాయకులు లేని సంఘంలోకి ఎంతటివారు వచ్చినా త్వరలోనే మీలాగే ఒంటరిగా అన్నీ మోస్తుంటారు. ముందు పిల్లలను నిలబెట్టండి, తర్వాత వచ్చేవారికి సంఘం దొరుకుతుంది. పాస్టరుగారి అబ్బాయిని కూడా కొడుకు కాబట్టి వద్దనకూడదు, కొడుకు కాబట్టి రమ్మనకూడదు. క్రిస్మస్‌కు వచ్చి ఒక ప్రసంగం చేసి వెళ్లడం కాకుండా, కొన్ని నెలలైనా ఇక్కడ ఉండి మిగతా ముగ్గురితో పాటు పని చేయగలడా అని అడగండి. ఈ మాట అయ్యగారి దగ్గర మీరూ, ఆయన గౌరవించే ఇంకో పెద్దా వెళ్లి, అమ్మగారు కూడా ఉండగా మాట్లాడండి. వెనుక గుసగుసలుగా నడిస్తే ఆమె మనసు విరుగుతుంది. ఇంతదాకా సేవ మోసినవాళ్లలో ఆమె కూడా ఒకరు. ఇంకొకటి: మందిరం స్థలం పత్రాలు ఎవరి పేరున ఉన్నాయి, సంఘం సొసైటీగా నమోదైందా, కమిటీ పదవీకాలం గురించి నియమావళిలో ఏముంది, ఇవన్నీ అయ్యగారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోండి. చేతులు కాలాక ఆకులు వెతుక్కునే పరిస్థితి చాలా సంఘాల్లో చూస్తున్నాం.

ఎంతకాలం ఆగాలి అని అడిగారు. మన ప్రాంతంలో ఈ ప్రశ్న పాతదే. అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరుకు వచ్చింది 1842లో. అక్కడి మిషన్ పని ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడింది 1927లో. మధ్యలో ఎనభై అయిదేళ్లు. ఆ కాలమంతా తెలుగువాళ్లకు సామర్థ్యం లేక పట్టిందా, అప్పగించే చేతులు వదలక పట్టిందా? రెండోదీ ఉందని నేను అనుకుంటాను. డోర్నకల్ కథ ఇంకోలా నడిచింది. 1912లో అజరయ్యగారిని బిషప్పుగా అభిషేకించాలన్నప్పుడు మిషనరీల్లోనే చాలామంది అడ్డుచెప్పారు, భారతీయుడు ఇంత బాధ్యత మోయలేడన్నారు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి ఆయన వెనుక నిలబడ్డాడు. మొదట అప్పగించింది చిన్న ప్రాంతమే. తర్వాతి కాలంలో మన కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా ఆ డయాసిస్‌లో, అంటే ఆ బిషప్పు పరిధిలో చేరాయి. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయన. చిన్న చోటు ఇచ్చారు, కాని ఆ చోటులో అధికారం పూర్తిగా ఇచ్చారు, మాట వచ్చినప్పుడు వెనుక ఒక పెద్దమనిషి ఉన్నాడు.

మీరూ అలాగే చేయవచ్చు. "ఇక సంఘం మీది" అన్నది చాలా పెద్ద మాట, ఇరవై అయిదేళ్ల పిల్లలు మోయలేనిది. భారం పంచుకొమ్మని మామ యిత్రో మోషేకు చెప్పినదాంట్లో వేయిమంది మీద అధిపతులున్నారు, పదిమంది మీద అధిపతులూ ఉన్నారు. పదిమందితో మొదలుపెట్టండి. నర్సుకు పది కుటుంబాలు, మెకానిక్ ఒప్పుకుంటే అతనికి పది. ఆ ఇళ్లలో జబ్బులు, పరీక్షలు, అప్పులు, తగాదాలు ముందుగా తెలిసేది వాళ్లకే కావాలి. ఆ ఇళ్లవాళ్లు మీకు ఫోను చేస్తే "ముందు ఆమెకు చెప్పారా?" అని అడగండి. ఏడాది చూసి, పెంచాలో మార్చాలో వాళ్లతోనే కూర్చుని మాట్లాడండి. మూడు, నాలుగేళ్లు పడుతుందనుకోండి, అంతకన్నా ముందే అయితే సంతోషం.

మీరే చేసుకుపోవడం అన్నది కూడా ఒక దారే, దాన్ని నేను తీసిపారేయను. ఈ ఏడాది అన్నీ బాగానే జరుగుతాయి, వచ్చే ఏడాది కూడా. మీకు ఒంట్లో బాగోని రోజున బ్యాంకు పాసు పుస్తకం ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. అందుకే ఇంకేమీ చేయలేకపోయినా, మీరు చేసే పనులన్నీ ఒక నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి: ఎవరితో మాట్లాడాలి, ఏ తేదీకి ఏమి కట్టాలి, సమాధుల తోట కాపలావాడి పేరేమిటి. ఒక్కో పని పక్కన, దాన్ని మీ వెంట ఉండి నేర్చుకుంటున్నది ఎవరో రాయండి. ఖాళీగా ఉన్న గడులు ఎన్నో చూస్తే తర్వాత ఏమి చేయాలో మీకే తెలుస్తుంది. కార్యదర్శి పదవిని ఫలానా నెలలో వదులుతానని కమిటీలో తేదీతో సహా చెప్పగలిగితే ఇంకా మంచిది. తేదీ లేనప్పుడు ఎవరూ నేర్చుకోవడానికి తొందరపడరు, మీరూ నేర్పడానికి తొందరపడరు.

ముందుగా మాత్రం కమిటీలో ఆ మాట చెప్పి, షెడ్డుకు వెళ్లండి. ఆదివారం ఆరాధన తర్వాత గుమ్మం దగ్గర ఆపి మాట్లాడితే అతనికి మళ్లీ అందరి కళ్లూ తన మీదే ఉన్నట్టు ఉంటుంది. వారం మధ్యలో, పని తగ్గే వేళకు వెళ్లండి. కమిటీలో మీరు మాట్లాడాక వెళితేనే ఆ మాటకు విలువ, అంతకు ముందు వెళితే ఓదార్పు మాటే అవుతుంది. బీటెక్ అబ్బాయి భోజనానికి వచ్చాక అయ్యగారు ఏమన్నారో వీలైతే మళ్లీ రాయండి. ఆయనకు అతని మీద ఉన్న అభ్యంతరం ప్రసంగాల గురించి కాక బోధ గురించే అయితే, దాన్ని వేరేగా, ఇంకాస్త వివరంగా మాట్లాడుకోవలసి ఉంటుంది.